కోల్‌కతాలో ఒంటరిగా మూడు రోజులు: ఏ బజారుకి ఏ వేళ వెళ్లాలి

మీరు అడిగింది ఇదీ: జనవరిలో మూడు రోజులు కోల్‌కతాలో ఉంటారు, ఒక్కరే, టూర్ ప్యాకేజీ లేదు, విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్ ఇదివరకే చూసేశారు, ఈసారి బజార్లూ తిండీ మాత్రమే కావాలి, షాపుల పేర్లతో ఒక లిస్ట్ ఇవ్వమన్నారు. పేర్లు చెప్తాను గానీ పేర్ల కంటే ముందు వేళలు చెప్పాలి. ఎందుకంటే 2019 ఆగస్టులో నేను అలాంటి లిస్ట్ పట్టుకునే వెళ్లాను. రాజమండ్రిలో రాత్రి ఫలక్‌నుమా ఎక్కి మర్నాడు సాయంత్రానికి హౌరాలో దిగాను. ఆ మర్నాడు ఆదివారం, పొద్దున్నే ఉత్సాహంగా కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్తే షట్టర్లన్నీ దింపి ఉన్నాయి, రోడ్డు మీద ఇద్దరు పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు, అంతే. అదే ఆదివారం పొద్దున ఇంకో చోట ఊరంతటికీ పేరున్న టిఫిన్లు అమ్ముతున్నారని నాకు అప్పుడు తెలీదు. 2024 డిసెంబర్‌లో మళ్లీ వెళ్లినప్పుడు లిస్ట్ పక్కన పెట్టేసి ఏ వీధి ఏ గంటకి బావుంటుందో చూసుకుని తిరిగాను. ఆ రెండో ప్రయాణమే నాకు నిజంగా కోల్‌కతాని చూపించింది.

ఉండటానికి ధర్మతల చుట్టుపక్కలే చూసుకోండి. మెట్రో మ్యాపులో ఎస్ప్లనేడ్ అని ఉంటుంది, ఊళ్లోవాళ్లు ధర్మతల అంటారు. సదర్ స్ట్రీట్‌లో చవక లాడ్జీలు చాలా ఉన్నాయి, విదేశాల నుంచి బ్యాగు తగిలించుకుని వచ్చేవాళ్లంతా అక్కడే దిగుతారు, న్యూ మార్కెట్‌కి నడక దూరం. ఆడవాళ్లు ఒక్కరే అయితే డబ్బు కట్టే ముందు గది, బాత్రూం, తలుపు గడియ చూసుకోవడం మర్చిపోవద్దు, నచ్చకపోతే మొహమాటపడకుండా పక్క లాడ్జికి వెళ్లండి. హౌరా నుంచి రావడానికి ఇప్పుడు ట్యాక్సీ బేరం అక్కర్లేదండి. 2024 మార్చి నుంచి హుగ్లీ నది కింద మెట్రో నడుస్తోంది, స్టేషన్‌లోనే ఎక్కి ఎస్ప్లనేడ్‌లో దిగొచ్చు, నాకు టికెట్ పది రూపాయలే అయింది. నది కింద ఉండేది ఒక నిమిషం లోపే. దేశంలో మొదటి మెట్రో కూడా ఈ ఊరిదే, 1984లో మొదలైంది, ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే ఆ పాత లైను మీదే మీకు కావాల్సిన చోట్లలో ఎక్కువ భాగం ఉన్నాయి. మెట్రో లేనిచోట షేర్ ఆటోలు, వాటికి రూటు ఖాయం, చార్జీ ఖాయం, చిల్లర మాత్రం దగ్గర ఉంచుకోండి.

ఇక వేళల సంగతి. తెల్లవారుజామున హౌరా బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. మన కడియం నర్సరీలు చూసిన కళ్లకి పూలు కొత్త కాదు, కానీ బంతిపూల దండలు చుట్టలు చుట్టలుగా మనుషుల భుజాల మీద కదిలిపోతూ ఉంటే పక్కకి జరిగి నిలబడి చూడాల్సిందే. దారికి అడ్డం మాత్రం నిలబడకండి, మోతగాళ్లు ఆగరు, ఆగలేరు కూడా, నెత్తి మీద అంత బరువు. మీ మూడు రోజుల్లో ఆదివారం ఉంటే ఆ పొద్దున పూల మార్కెట్ వదిలేసి టిరెట్టా బజార్‌కి వెళ్లండి, పోద్దార్ కోర్ట్ దగ్గర. ఇది పాత చైనా టౌన్. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న చైనీస్ కుటుంబాలవాళ్లు ఫుట్‌పాత్ మీద గిన్నెలు పెట్టుకుని ఆవిరి బన్నులు, మోమోలు, చేప ఉండల సూప్ అమ్ముతారు. ఆరు గంటలకల్లా ఉండాలి, ఎనిమిది దాటితే గిన్నెలు కడుగుతుంటారు. పోర్క్ ఎక్కువ, తినని వాళ్లు ముందే అడిగి తీసుకోవాలి. మిగతా రోజుల్లో అయితే పొద్దున్నే ఏ మిఠాయి కొట్టు ముందైనా కచోరీ, బంగాళదుంప కూర దొరుకుతాయి, ఆకు దొన్నెలో పెట్టి ఇస్తారు, దాంతో పాటు మట్టి ముంతలో టీ. దీనికోసం పేరున్న కొట్టు వెతకనక్కర్లేదు, జనం నిలబడి తింటున్న చోటు చూసుకుంటే సరిపోతుంది.

తొమ్మిదింటికే షాపింగ్‌కి బయల్దేరకండి. ఆ ఊళ్లో బజార్లు పదకొండుకి గానీ కళ్లు తెరవవు. పదకొండుకి కాలేజ్ స్ట్రీట్, ఆదివారం కాకుండా. మహాత్మా గాంధీ రోడ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. మైలు పొడవునా పుస్తకాల బడ్డీలు, మెడికల్ పుస్తకాల నుంచి అరవై ఏళ్ల నాటి పత్రికల దాకా. బెంగాలీ రాకపోయినా పాత ఇంగ్లీషు పుస్తకాల కోసం ఒక గంట పెట్టుకోండి. కొట్టువాడికి ఏం కావాలో చెప్తే ఆ గుట్టలోంచి తనే తీస్తాడు, మనం లాగితే కోప్పడతారు, నన్ను ఒకాయన కోప్పడ్డారు. అక్కడే ఆల్బర్ట్ హాల్‌లో ఇండియన్ కాఫీ హౌస్ ఉంది, ఉద్యోగుల సహకార సంఘం నడిపేది, తలపాగాలు చుట్టుకున్న సర్వర్లు, ఎత్తైన పైకప్పు, పైన బాల్కనీలో ఇంకొన్ని టేబుళ్లు. మన ఫిల్టర్ కాఫీ రుచి మనసులో పెట్టుకుని వెళ్లకండి, అది వేరే. అక్కడికి వెళ్లేది కూర్చోడానికి. ఒక కాఫీతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు, ఒంటరిగా తిరిగేవాళ్లకి ఈ ఒక్క సౌకర్యం ఎంత పెద్దదో మీకు మూడో రోజుకి తెలుస్తుంది. ఎండగా ఉంటే కాలేజ్ స్క్వేర్ దగ్గర పారామౌంట్, 1918 నుంచి ఉన్న షర్బత్ కొట్టు, కొబ్బరి బోండాం నీళ్లూ లేత కొబ్బరీ వేసి ఇచ్చే డాబ్ షర్బత్ తాగండి.

మధ్యాహ్నం భోజనం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఒంటరిగా వెళ్లేవాళ్లు ఎక్కువ పొరబడేది ఇక్కడే. పెద్ద బెంగాలీ రెస్టారెంట్‌కి ఒక్కరే వెళ్తే ఒక కూర తీసుకునేసరికి కడుపు నిండిపోతుంది, బిల్లు పెరిగిపోతుంది. మీకు కావాల్సింది పైస్ హోటల్. ఒకప్పుడు పైసల్లో భోజనం పెట్టేవాళ్లు కాబట్టి ఆ పేరు. మన మెస్ లాంటిదే, కానీ అన్నం, పప్పు, కూర, చేప దేనికదే లెక్క, చాలాచోట్ల అరిటాకుకి కూడా విడిగా. కాలేజ్ స్ట్రీట్ దగ్గర భవానీ దత్తా లేన్‌లో స్వాధీన్ భారత్ హిందూ హోటల్, న్యూ మార్కెట్ వైపు సిద్ధేశ్వరీ ఆశ్రమ్, రెండూ నేను తిన్నవే. పన్నెండున్నరకి వెళ్లండి, రెండు దాటితే మంచి చేపలు అయిపోతాయి. ఎదురు బల్ల మీద కొత్తవాళ్లు కూర్చుంటారు, అది అక్కడ మామూలే. అన్నీ ఒకేసారి కలుపుకోవద్దు. ముందు చేదు కూర, శుక్తో అంటారు, తర్వాత పప్పు, తర్వాత చేప, చివర్లో తియ్యటి చట్నీ, ఒకదాని తర్వాత ఒకటి తింటారు. నాకు సర్వర్ చేత్తో సైగ చేసి ఆపి మరీ చెప్పాడు. శాకాహారులకి కూడా ఇబ్బంది లేదు, గసగసాలతో చేసే ఆలూ పోస్తో ఒక్కటి దొరికితే చాలు.

2019లో వెళ్లింది ఆగస్టు కాబట్టి నాకు ఇలిష్ దొరికింది. ఇలిష్ అంటే మన పులసే అండి, అదే చేప, అక్కడ గంగలోకి ఎదురీదితే ఇక్కడ గోదావరిలోకి ఎదురీదుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్లో పుట్టినదాన్ని, చింతపండు పులుసులో బెండకాయలు వేసి వండితేనే పులస అనుకునేదాన్ని. వాళ్లు ఆవ నూరి, ఆవనూనె పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. మొదటి ముద్దకి ముక్కులోకి ఘాటెక్కింది, రెండో ముద్దకి మా అమ్మమ్మ చేసే ఆవపెట్టిన పనసపొట్టు కూర గుర్తొచ్చింది. మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి ఇలిష్ కోసం పట్టుబట్టకండి, అప్పుడు దొరికేది నిల్వ చేప. భేట్కీ పాతూరీ తినండి, ఆవ పట్టించి అరిటాకులో చుట్టి వండిన చేప.

మధ్యాహ్నం తర్వాత న్యూ మార్కెట్. 1874లో కట్టిన ఎర్ర ఇటుకల మార్కెట్, గడియారం స్తంభం ఉంటుంది, లోపల రెండు వేలకి పైగా కొట్లు. ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. గేటు దగ్గర బుట్ట పట్టుకున్న ఒక మనిషి "దీదీ, ఏం కావాలి, చూపిస్తా" అని వెంట పడ్డాడు. వద్దన్నా వదల్లేదు, చీరల కొట్టుకి తీసుకెళ్లాడు, జాందానీ అని చెప్పి 3,200 పెట్టి ఒకటి అమ్మారు. మర్నాడు గడియాహాట్‌లో అదే రకం 1,900. అలా తీసుకెళ్లిన వాళ్లకి కమిషన్ ఉంటుంది, అది మన బిల్లులోనే కలుస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది డబ్బు కాదు, జాందానీలు నేసే ఉప్పాడకి గంటన్నర దూరంలో ఉంటూ చీర తిరగేసి చూడకపోవడం. చేనేత జాందానీ పువ్వు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, మిషన్‌ది అయితే వెనక కత్తిరించిన దారాల కొసలు చేతికి గరుగ్గా తగులుతాయి. కాబట్టి ఎవరినీ వెంట రానివ్వకండి, ఒకసారి గట్టిగా వద్దని చెప్పి, ఇంకేం మాట్లాడకుండా నడవండి. న్యూ మార్కెట్‌లో చీరలు కొనకుండా, లోపల ఉన్న నహూమ్స్‌కి వెళ్లండి. 1902లో మొదలైన యూదుల బేకరీ, పాత చెక్క బల్లలు, గాజు అద్దాల బీరువాలు, ఇంకా అలాగే ఉన్నాయి. డిసెంబర్‌లో ఫ్రూట్ కేక్ కోసం నేను గంటకి పైగా వరసలో నిలబడ్డాను, జనవరిలో మీకు అంత రద్దీ ఉండదు. పక్కనే నిజామ్స్, కాఠీ రోల్ పుట్టిల్లుగా చెప్తారు, పరాఠాలో కబాబ్ చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు, నిలబడి తినేస్తే సాయంత్రం దాకా ఆకలి ఉండదు.

చీరల కోసం గడియాహాట్, సాయంత్రం నాలుగు దాటాక. కాళీఘాట్ మెట్రోలో దిగి షేర్ ఆటో ఎక్కండి. అయితే ఆ రోజు దానికంటే ముందే ఏదైనా తంతుజ షాపుకో, ఢాకూరియాలోని దక్షిణాపన్‌కో వెళ్లి రేట్లు చూసుకోండి. తంతుజ బెంగాల్ ప్రభుత్వ చేనేత సంస్థ, దక్షిణాపన్‌లో రకరకాల రాష్ట్రాల ఎంపోరియంలు ఉంటాయి, ధర రాసి ఉంటుంది, బేరం లేదు. అది తెలిశాక ఫుట్‌పాత్ మీద బేరం మీ చేతిలో ఉంటుంది. రోజూ కట్టుకోడానికి తాంత్ నూలు చీరలు, ఎవరికైనా పెట్టడానికి కాంథా కుట్టు చీరలు నాకు బాగా నచ్చాయి. తాంత్‌కి గంజి ఎక్కువ, మొదటి ఉతుకు తర్వాత మెత్తబడుతుంది, బెదిరిపోవద్దు. మనకి ఆషాఢం తగ్గింపులు ఎలాగో వాళ్లకి చైత్రంలో, ఏప్రిల్‌లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి ముందు, ఇక్కడ ఫుట్‌పాత్‌లన్నీ అమ్మకాలతో నిండిపోతాయి. అక్కడే చేపల మార్కెట్లోకి కూడా ఒకసారి తొంగి చూడండి, పెద్ద కత్తిపీట ముందు కూర్చుని మాటలాడుతూనే చేప కోసేస్తుంటారు. తెలుగువాళ్లమని చెప్తే "ఆంధ్రా రూయీ" అని నవ్వుతారు, రూయీ అంటే రోహు చేప. మన భీమవరం, కైకలూరు చెరువుల చేప హౌరా హోల్‌సేల్ మార్కెట్‌కి లారీల్లో వెళ్తుంది కదా.

రాత్రికి పార్క్ స్ట్రీట్. 1927 నాటి ఫ్లూరీస్‌లో టీ, పీటర్ క్యాట్‌లో చెలో కబాబ్ అందరూ చెప్పేవే, నేనూ తిన్నాను, బావున్నాయి. వరస మాత్రం పొడుగు, ఏడు లోపు వెళ్తే ఒక్కరికి టేబుల్ తొందరగా దొరుకుతుంది. బిర్యానీ గురించి ఒక మాట. హైదరాబాద్ బిర్యానీ అలవాటైన వాళ్లు మొదట నిరాశపడతారు, కారం ఉండదు, పెద్ద బంగాళదుంప ఉంటుంది. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని కోల్‌కతాలోని మెటియాబ్రుజ్‌కి వచ్చినప్పుడు ఆయనతో వచ్చిన వంట అది. ఆ దుంపని ముందు తినండి, మసాలా వాసన, నెయ్యి అంతా దానిలోకే దిగి ఉంటుంది.

జనవరిలో వెళ్తున్నారు కాబట్టి ఒక అదృష్టం ఉంది, నోలెన్ గుర్. మనకి ఈత చెట్టు అంటే కల్లు గుర్తొస్తుంది, వాళ్లు అదే చెట్టుకి చలికాలంలో కుండ కట్టి, ఆ తీపి నీరు కాచి బెల్లం చేస్తారు. ఆ బెల్లంతో చేసిన సందేశ్ అనే పాల మిఠాయి చలికాలంలోనే. ఉత్తర కోల్‌కతాలో హేదువా దగ్గర 1844 నాటి నకూడ్ అనే కొట్టు ఉంది, కూర్చునే చోటు లేదు, ఇనప ఊచల వెనక నుంచి అమ్ముతారు. జలభరా అడగండి, కొరికితే లోపల నుంచి పాకం కారుతుంది, మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోవాలి. ఇంటికి తేవాలంటే గట్టి రకం, కొడా పాక్ అని చెప్పి తీసుకోండి. మెత్తటి రకం నేను రైల్లో తెస్తే బరంపురం దాటేసరికి పులిసిన వాసన వచ్చింది.

మీరు ఏ రోజు దిగుతున్నారో రాయలేదు. శుక్రవారం దిగితే ఆ రోజూ శనివారమూ కాలేజ్ స్ట్రీట్, న్యూ మార్కెట్, గడియాహాట్ ముగించి ఆదివారం పొద్దున టిరెట్టా పెట్టుకోండి. ఆదివారమే దిగితే అది దాటిపోతుంది, వీలుంటే టికెట్ ఒక రోజు ముందుకి మార్చుకోండి.