స్పిట్‌ఫైర్‌కు నమ్మకమైన స్పేర్ పార్ట్స్ ఎక్కడ దొరుకుతాయి? నా అనుభవం

అమలాపురంలో 1969 మోడల్ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 (ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) బాగు చేయించుకుంటున్నానని, పార్ట్స్ కోసం రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నానని, నమ్మకంగా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమని మీరు అడిగారు. మాది పాలకొల్లు అండీ. నా దగ్గరున్నదీ మార్క్ 3నే, 1968ది. ఓ డాక్టరు గారు ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చుకున్న కారు. ఆయన పోయాక చాలా ఏళ్లు రైస్ మిల్లు గోడౌన్లో ఊక బస్తాల వెనక పడుంది. నేను తెచ్చుకునేటప్పటికి సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి, వైరింగ్ అంతా కొరికేశాయి. బాగు చేయడానికి నాలుగేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు పార్ట్స్ కోసం ఎదురుచూడ్డానికే సరిపోయింది.

ముందు ఒక మాట. షాపుకెళ్లి స్పిట్‌ఫైర్ అని అడక్కండి, హెరాల్డ్ అని అడగండి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు 1961 నుంచి ట్రయంఫ్ హెరాల్డ్ కారునే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేశారు కదా. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్‌కి ఆ హెరాల్డ్ ఛాసీనే పొట్టి చేసి వాడారు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ రాక్, వెనక అడ్డంగా ఉండే కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్), అన్నీ ఆ కుటుంబానివే. అందుకే మన దేశంలో వీటి సంగతి తెలిసిన ముసలి మేస్త్రులు, షాపుల వాళ్లు ఇంకా ఉన్నారు. అయితే అన్నీ కలవవు. స్పిట్‌ఫైర్‌కి ముందు డిస్క్ బ్రేకులు, మన హెరాల్డ్‌కి డ్రమ్ములు. ఇంజను మార్క్ 3కి 1296 సీసీ, మన హెరాల్డ్‌కి 948. బాడీ రేకులైతే అసలు సంబంధమే లేదు.

చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు మీద పాత స్పేర్ల షాపులు చాలా ఉన్నాయి. అక్కడ ఒక పెద్దాయన దగ్గరికెళ్లి ట్రునియన్ కావాలన్నాను. ముందు చక్రం తిరిగే నిలువు లింకు కింద ఉండే ఇత్తడి రంగు ముక్క అది, మీకు తెలిసే ఉంటుంది. ఆయన నిచ్చెనెక్కి పై అర నుంచి ఒక అట్టపెట్టె దింపాడు. మూత తియ్యకుండానే, "ఇందులో ఏం వేస్తావు బాబూ?" అని తెలుగులోనే అడిగాడు. గ్రీజు అన్నాను. పెట్టె పట్టుకుని మళ్లీ నిచ్చెనెక్కేశాడు.

కాసేపు బతిమాలాక చెప్పాడు. దీనికి గ్రీజు పనికిరాదు, 90 నంబరు గేర్ ఆయిల్ వెయ్యాలి. గ్రీజు లోపల గట్టిపడితే లింకు మరలు (థ్రెడ్లు) ఉన్న చోట పట్టేస్తుంది, ఒకరోజు మలుపులో పుటుక్కున విరిగి చక్రం లోపలికి మడుచుకుపోతుంది. పైగా కుడివైపు మర ఒక వాటం, ఎడమవైపుది దానికి తిరగబడి. "పాతది పట్టుకురా, చూసి ఇస్తా" అని ఉత్త చేతులతో పంపేశాడు. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో భీమవరం వచ్చేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను. నెల తర్వాత పాతవి రెండూ గుడ్డలో చుట్టుకుని మళ్లీ వెళ్లాను. మర మీద గోరు ఆనించి చూసి, సరైనవి తీసిచ్చాడు. నాలుగేళ్లలో నేను కళ్లు మూసుకుని నమ్మింది ఆయన్నే, ఎందుకంటే మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నాకు ఏమీ అమ్మలేదు.

నన్ను ముంచినతను ఇందుకు పూర్తిగా ఉల్టా. ఏది అడిగినా ఉంది సార్ అనేవాడు. బ్రేక్ మాస్టర్ సిలిండర్ "కంపెనీ పాత స్టాక్, సీల్ తియ్యలేదు" అని ఫోన్లో ఫొటో పెట్టాడు. అడ్వాన్స్ మొత్తం కట్టేశాను. పార్సిల్ విప్పితే నల్ల రంగు ఇంకా వాసన కొడుతోంది. గోరుతో గీకితే కింద తుప్పు. లోపలి రబ్బరు కప్పు తీసి వేళ్ల మధ్య నొక్కితే అప్పడంలా విరిగింది. తర్వాత ఫోన్ ఎత్తలేదనుకోండి. అప్పట్నుంచి నేను పెట్టుకున్న లెక్క ఇది: పాత స్టాక్ ఇనుమైతే కొంటాను, గేర్లు, షాఫ్టులు, లింకులు లాంటివి. పాత స్టాక్ రబ్బరు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. యాభై ఏళ్ల క్రితం రబ్బరు డబ్బాలో ఉన్నా చచ్చిపోతుంది. బ్రేకుల సామాను ఎప్పుడూ కొత్తగా తయారైందే.

ఆ కొత్తది ఇంగ్లండు నుంచే తెప్పించుకోవాలి. రిమ్మర్ బ్రదర్స్, కాన్లీ క్లాసిక్స్, మాస్, ఈ మూడు చోట్లా స్పిట్‌ఫైర్‌కి కావలసినవి చాలావరకు దొరుకుతాయి. రెండు ఎస్‌యు కార్బురేటర్ల కిట్లకైతే సాల్స్‌బరీలోని బర్లెన్ వాళ్లు, ఎస్‌యు పేరు మీద ఇప్పటికీ కొత్తవి చేసేది వాళ్లే. పేరు చెప్పి కాకుండా పార్ట్ నంబరుతో అడగండి. మీ ఛాసీ నంబరు ఎఫ్‌డీతో మొదలవ్వాలి, లేకపోతే అది మార్క్ 3 కాదు, లేదా ఎవరో ప్లేటు మార్చారు. అనుమానముంటే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంకి రాస్తే ఫీజు తీసుకుని ఫ్యాక్టరీ రికార్డు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. బండి ఎప్పుడు తయారైంది, ఇంజన్ నంబరెంత, రంగేమిటి అన్నీ అందులో ఉంటాయి. నాకు దాంతోనే తెలిసింది, నా బండికి ఇంజను మధ్యలో మార్చారని.

కొత్త దుకాణమైతే మొదటిసారి చిన్న ఆర్డరే పెట్టండి. నేను రోటర్ ఆర్మ్ (డిస్ట్రిబ్యూటర్లో తిరుగుతూ ప్లగ్గులకు కరెంటు పంచే ముక్క), గ్యాస్కెట్ సెట్టు తెప్పించి చూస్తాను. రోటర్ ఆర్మ్ నడిమధ్యలో ఇత్తడి రివెట్ కనిపిస్తే అది నాసిరకం. ఆ రివెట్ గుండా కరెంటు షాఫ్టుకి దిగిపోయి ఇంజను వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది. సిద్ధాంతం ఊరి దగ్గర ఎండలో గంటన్నర నిలబడి నేర్చుకున్న సంగతి ఇది. "ఇది తయారు చేసిందెవరు?" అని ఈమెయిల్‌లో అడగండి. సూటిగా చెప్పినవాళ్ల దగ్గరే పెద్ద ఆర్డర్. బయటి దేశానికి పంపేటప్పుడు వాళ్ల 20 శాతం వ్యాట్ తీసెయ్యాలి, బిల్లులో చూసుకోండి. మన దగ్గర కస్టమ్స్ డ్యూటీ ఎలాగూ తప్పదు, దాన్ని ముందే బడ్జెట్లో కలుపుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక మన దగ్గరే అయ్యే పనులకు ఇంగ్లండు దాకా ఎందుకండీ. భీమవరంలో చేపల, రొయ్యల చెరువుల ఏరియేటర్ల పుణ్యమా అని బేరింగుల షాపులు, ఆయిల్ సీళ్ల షాపులు బోలెడు. బేరింగు మీద చెక్కిన నంబరు, సీలు లోపలి కొలత, బయటి కొలత, మందం రాసుకెళ్తే కారు పేరు చెప్పక్కర్లేదు. కమాన్ కట్ట బెజవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లు చేసే చోట సెట్టింగ్ చేయించాను, రేడియేటర్ కోర్ కూడా అక్కడే. పెట్రోలు పైపులు మాత్రం పాతవి ఒక్క అడుగు కూడా ఉంచకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరుని తినేస్తుంది. ఆర్9 అని ముద్ర ఉన్న పైపు అడగండి.

మా ఊళ్లో లేతు మేస్త్రి ఉన్నాడు, లాంచీల ఇంజన్లకు బుష్‌లు చేసే చెయ్యి. తలుపు కీళ్ల పిన్నులు, గన్‌మెటల్ బుష్‌లు అద్దంలా చేసిచ్చాడు. చెన్నై మళ్లీ వెళ్లడానికి బద్ధకించి ట్రునియన్ కూడా చేస్తావా అంటే అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇది నా వల్ల కాదండి. మీరందులో కూర్చుని తిరగాలి కదా" అన్నాడు. బుష్‌ల పని ఏదున్నా మీరూ ఆయనకే ఇవ్వొచ్చు.

ఇక బానెట్ సంగతి. ముందు భాగమంతా ఒకే ముక్కగా లేచే బానెట్ అది, ఓడలో తెప్పిస్తే రవాణాకే తడిసి మోపెడవుతుంది. తుప్పు పట్టినంత మేర కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించుకోండి. పుట్టీ పొయ్యనివ్వకండి, మన ఉప్పుగాలికి రెండు వానాకాలాలు కూడా ఆగదు.

నా దగ్గర కుడివైపు ట్రునియన్ కొత్తది ఒకటి మిగిలింది. మీకు కావాలంటే పాలకొల్లు వచ్చి తీసుకెళ్లండి. పాతది మాత్రం పట్టుకురండి.