బడి మైదానంలో గడ్డి మందు కొట్టారు, బాబుకు దద్దుర్లు వచ్చాయి... పరీక్షలు చేయించాలా?

ప్రశ్న: మేము కర్నూలు జిల్లాలోని ఒక పట్టణంలో ఉంటాము. మా బాబుకు ఎనిమిదేళ్లు, ప్రభుత్వ పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. అప్పుడప్పుడు ఆయాసం వస్తుంది, రెండేళ్లుగా ఇన్‌హేలర్ వాడుతున్నాము. పంద్రాగస్టు వేడుకల కోసమని ఒక శనివారం సాయంత్రం బడి మైదానమంతా గడ్డి మందు కొట్టించారు. సోమవారం పిల్లలను అక్కడే కూర్చోబెట్టి డ్రిల్లు చేయించారు. ఆ రాత్రి బాబుకు తొడల వెనుక, పిక్కల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కళ్లు మండుతున్నాయని ఏడ్చాడు. నాలుగు రోజులకు తగ్గింది. హెడ్మాస్టరు గారిని అడిగితే ‘పొలాల్లో రోజూ కొట్టే మందే కదమ్మా, ఏమీ కాదు’ అన్నారు. మా మామగారు పొద్దున నడిచే పార్కులో కూడా ఇదే మందు కొడుతున్నారు. దీనివల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లో వీడియోలు చూస్తున్నాను. బాబుకు రక్త పరీక్షలు చేయించాలా? బడిలో ఏమని అడగాలి?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: దద్దుర్లు పూర్తిగా తగ్గిపోయి, ఆయాసం తిరగబెట్టకుండా, తిండి, నిద్ర, ఆట ఎప్పటిలాగే ఉంటే ఇప్పుడు బాబుకు ఏ రక్త పరీక్షా అవసరం లేదు. కోలినెస్టరేస్ అనే పరీక్ష చేయించమని మీకు ఎవరైనా సలహా ఇచ్చి ఉండవచ్చు. అది క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి పురుగు మందులు ఒంట్లోకి వెళ్లినప్పుడు పనికివచ్చే పరీక్షే తప్ప, గడ్డి మందుల విషయంలో ఏమీ చెప్పదు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును మూత్రంలో కొలిచే పద్ధతి ఉన్నా, అది కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి బయటకు పోతుంది కాబట్టి ఇన్నాళ్ల తరువాత కొలిచినా ప్రయోజనం ఉండదు. ఆ డబ్బుతో బాబు ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టం ఒకటి కొనండి, ఇప్పటికే లేకపోతే.

మీ ఉత్తరంలో నాకు బాగా ఉపయోగపడిన మాట ‘తొడల వెనుక, పిక్కల మీద’ అన్నది. నిక్కరు వేసుకున్న పిల్లవాడు నేల మీద కూర్చుంటే ఒంటికి మట్టి తగిలేది సరిగ్గా అక్కడే. ఈ ప్రశ్న అడిగింది మన జిల్లావారు కాబట్టి నేను ముందుగా అనుమానించవలసింది నిజానికి వయ్యారిభామను, అంటే నాలుగు వానలు పడగానే ప్రతి ఖాళీ జాగాలోనూ మొలిచి తెల్లటి పూలు పూసే ఆ కాంగ్రెస్ గడ్డిని. అయితే దాని పుప్పొడి, పొడి గాలిలో ఎగిరి పడతాయి కాబట్టి దానివల్ల వచ్చే దురద ఎక్కువగా కనురెప్పలు, మెడ, మోచేతి మడతల దగ్గర మొదలవుతుంది. మీ బాబుకు నేలను తాకిన చోటే వచ్చి, నాలుగు రోజుల్లో దానంతట అది తగ్గింది కాబట్టి మందు అవశేషం చర్మాన్ని ఒరిపిడి పెట్టి ఉంటుందని భావించడం సమంజసం. కళ్ల మంటకు మాత్రం రెండూ కారణం కావచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మందు కొట్టిన వయ్యారిభామ ఎండిపోతుంది గాని, దానిలోని దురద పుట్టించే పదార్థం ఎక్కడికీ పోదు. ఎండి పొడిగా మారిన మొక్క మీద పిల్లలు పరుగెత్తితే ఆ పొడి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. ఆయాసం ఉన్న పిల్లవాడికి ఈ రెండూ కలిసిన నేల మంచిది కాదు.

‘గడ్డి మందు’ అనేది ఒక మందు పేరు కాదు. ఆ మాట కింద దుకాణంలో అమ్మేవి చాలా ఉన్నాయి, వాటి స్వభావాలు వేరువేరు. గ్లైఫోసేట్ కలిపిన ద్రావణం చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తుంది, ఆ మంటలో దానితో పాటు ఆకుకు అంటుకోవడానికి కలిపే జిగురు రసాయనాల పాత్ర కూడా ఉంటుంది. 2,4-డి అనే మరో గడ్డి మందు ఘాటు వాసనతో తల నొప్పి, వికారం తెప్పించవచ్చు. మూడోది పారాక్వాట్, అది నోట్లోకి వెళితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దానికి విరుగుడు లేదు, ఒక గుక్కెడు చాలు పెద్దవాళ్ల ప్రాణానికే ముప్పు. అందుకే బడికి వెళ్లినప్పుడు ‘మందు కొట్టారా’ అని కాక ‘ఏ మందు కొట్టారు, డబ్బా చూపించండి’ అని అడగండి. డబ్బా మీది పేరును, రంగు త్రికోణాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి. త్రికోణం ఎరుపు అయితే అత్యంత విషపూరితం, పసుపు అయితే దాని తరువాతిది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ వాటికంటే తక్కువ. ఆకుపచ్చ అంటే హాని లేనిదని మాత్రం అర్థం కాదు.

క్యాన్సర్ గురించి మీరు చూసిన వీడియోల్లో సగం నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గలది’ అనే 2ఎ వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. 2ఎ వర్గంలో మేక మాంసం వంటి ఎర్ర మాంసం, రాత్రి షిఫ్టు ఉద్యోగం కూడా ఉన్నాయి. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతుంది గాని, ఒక పూట మైదానంలో కూర్చున్న పిల్లవాడికి ముప్పు ఎంత అన్నది చెప్పదు. కాబట్టి ఆ సోమవారం గురించి మీరు నిద్ర మానుకోవద్దు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన విధాన ప్రకటన దృష్టి మరోచోట ఉంది. చిన్న వయసులో పురుగు మందులు, కలుపు మందులు తగలడానికీ, కొన్ని రకాల బాల్య క్యాన్సర్లకు, మేధాశక్తి తగ్గడానికి, ప్రవర్తన సమస్యలకు మధ్య సంబంధం కనిపిస్తోందని, అందువల్ల తగలడాన్ని వీలైనంత తగ్గించాలని ఆ సంఘం చెప్పింది.

హెడ్మాస్టరు గారి మాట దగ్గరే నాకు అభ్యంతరం. పొలంలో రైతు మందు కొడుతున్నాడంటే దాని వెనుక ఒక లెక్క ఉంటుంది. కలుపు తీయకపోతే పత్తి పోతుంది, కూలీలు దొరకరు, అప్పు మిగులుతుంది. ఆ లెక్క సరైనదా కాదా అన్నది వేరే చర్చ, కాని లాభం ఏమిటో చెప్పగలడు. బడి మైదానంలో మందు వల్ల వచ్చే లాభం ఏమిటి? జెండా ఎగరేసే రోజున నేల శుభ్రంగా కనిపించడం. డాక్టర్లం మేము రోగికి ఏ మందు రాసినా దాని వల్ల కలిగే మేలును, కీడును పక్కపక్కన పెట్టి చూస్తాము. మేలు వైపు కేవలం చూపుకు అందం మాత్రమే ఉన్నప్పుడు కీడు ఎంత చిన్నదైనా ఆ మందు రాయము. పైగా పొలంలో ఎనిమిదేళ్ల పిల్లలు బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చోరు, మట్టి చేతులతో మధ్యాహ్న భోజనం తినరు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలు తమ బరువుకు ఎక్కువ గాలి పీలుస్తారు, వారి ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది. చెప్పులకు అంటిన మందు ఇంట్లోకి వస్తే అక్కడ ఎండ, వాన తగలవు కాబట్టి బయటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

పాముల భయం ఉందని బడివారు అనవచ్చు, అది న్యాయమైన భయమే. కాని గడ్డి మందు పామును తరమదు. మందు కొట్టాక గడ్డి ఎండి నిలువునా ఉంటుంది, పాము దాక్కోవడానికి ఆ ఎండు గడ్డి చాలు. దాన్ని మళ్లీ కోయించవలసిందే, అంటే కూలి ఖర్చు తప్పలేదు, మందు ఖర్చు అదనం.

కొన్నేళ్ల క్రితం పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి ఒక పల్లె బడికి వెళ్లాను. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళితే వంటగది కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన, లేబులు చిరిగిన కూల్‌డ్రింక్ సీసా ఒకటి కనిపించింది. అందులో అడుగున ముదురు రంగు ద్రవం ఉంది. అడిగితే వంటమనిషి ‘మిగిలిన గడ్డి మందు సార్, మళ్లీ పనికొస్తుందని ఉంచినాం’ అన్నది. మూత వదులుగా ఉంది. మైదానంలో చల్లిన పలుచటి ద్రావణం కంటే ఆ సీసా నన్ను ఎక్కువ భయపెట్టింది. మీ బడిలో మిగిలిన మందు ఎక్కడ ఉందో ముందు కనుక్కోండి.

అందం కోసం మందు చల్లడాన్ని మానిన దేశాలు ఉన్నాయి. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలోని హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లో పచ్చిక బయళ్ల మీద అటువంటి వాడకాన్ని నిషేధించింది. దాని కోసం అక్కడి పురపాలక సమావేశాలకు ఏళ్ల తరబడి వెళ్లి అడిగింది జూన్ ఇర్విన్ అనే చర్మ వైద్యురాలు. మందు చల్లే కంపెనీలు కోర్టుకు వెళ్లినా, 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు పట్టణం పక్షానే తీర్పు ఇచ్చింది. ఒంటారియో రాష్ట్రంలో 2009 ఏప్రిల్ 22 నుంచి నిషేధం అమలైంది. ఫ్రాన్స్‌లో స్థానిక సంస్థలు పార్కుల్లో రసాయన మందులు వాడడాన్ని 2017 నుంచి ఆపేశారు. మన దేశంలో 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (మందు కొట్టడానికి లైసెన్సు పొందినవారి) ద్వారా తప్ప ఎవరూ వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. బడి అటెండరు కాళ్లకు చెప్పులు లేకుండా, ముఖానికి తువ్వాలు చుట్టుకుని పంపు వీపున వేసుకోవడం ఆ నోటిఫికేషన్ ఉద్దేశానికి పూర్తిగా విరుద్ధం. మీరు రాయలేదు గాని, ఆ రోజు అందరికంటే ఎక్కువ మందు ఒంటికి తగిలింది కొట్టిన మనిషికే.

మీ బడిలో విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. హెడ్మాస్టరు గారితో వాదన పెట్టుకోకుండా, ఆ కమిటీ సమావేశంలో ‘ఇకపై బడి ఆవరణలో గడ్డి మందు కొట్టరాదు’ అని తీర్మానం రాయించమని అడగండి. దానితో పాటు ప్రత్యామ్నాయం కూడా చెబితే మాట నెగ్గుతుంది. వానలు మొదలైన మూడు నాలుగు వారాలకు, వయ్యారిభామ పూతకు రాకముందే, తడి నేలలో చేతి తొడుగులతో వేళ్లతో సహా పీకించాలి. పూత వచ్చాక పీకితే విత్తనం రాలి మరుసటి ఏడు రెట్టింపు అవుతుంది. ఆ పని పిల్లలతో మాత్రం చేయించకూడదు. పల్లేరు కాయల చోట దోకుడుపార, మిగతా మైదానంలో గడ్డి కోసే యంత్రం సరిపోతాయి. గోడ వారన, గచ్చు పగుళ్లలో మొలిచిన వాటికి మరిగే నీళ్లు, లేదా లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం చాలు. ఉప్పు నీళ్లు చెట్ల మొదళ్లలో, కూరగాయల మడుల్లో పోయకూడదు.

మీ మామగారు మందు కొట్టిన తరువాత కొన్ని రోజులు వేరే దారిలో నడవడం, ఇంటికి రాగానే చెప్పులు గడప బయట విడవడం చాలు. పార్కు విషయం మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ మందు, ఏ తేదీన కొట్టారో బోర్డు పెట్టాలని అందులో అడగండి.

మళ్లీ ఎప్పుడైనా మందు కొట్టిన నేల మీద బాబు ఆడి వస్తే బట్టలు విడిపించి, సబ్బుతో ఒళ్లు కడగండి. కళ్లు మండితే పదిహేను నిమిషాల పాటు మంచి నీటి ధార పెట్టండి. దద్దుర్లకు మెడికల్ షాపులో అడగకుండానే ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు రాయవద్దు. పిల్లికూతలు మొదలై ఇన్‌హేలర్‌కు తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, నోటి వెంట చొంగ కారుతున్నా, కంటిపాప చుక్కలా చిన్నదైపోయినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేసి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మందు మింగినట్లు అనుమానం ఉంటే ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. ఆ డబ్బాను గాని, మీరు తీసిన ఫొటోను గాని డ్యూటీ డాక్టరుకు చూపించండి.