గట్టు తగాదా అని రాయకండి
చట్టం మాట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పశ్చిమ డెల్టా. ఎకరం ఇరవై సెంట్ల చేను. సార్వా, దాళ్వా రెండూ పండేవి. మాకు ఎగువన పొలం కొన్న పెద్ద ఆసామి రొయ్యల చెరువులు తవ్వించారు. చెరువు గట్టు వేసేటప్పుడు మా చేలకు నీరొచ్చే బోదె పూడ్చేశారు. నీళ్లు రాకపోగా చెరువుల ఉప్పు ఊట మా చేలోకి దిగుతోంది. ఊడ్చిన పైరు ఆకు కొసలు ఎండి గిడసబారిపోయింది. స్టేషన్‌కి మూడుసార్లు వెళ్లాను. “ఇది సివిల్, కోర్టుకెళ్లు” అంటారు. కాగితం తీసుకున్నారు, రశీదు ఇవ్వలేదు. ఆయన ఫోన్ చేస్తే మాత్రం వెంటనే పలుకుతారు. డబ్బు లేనివాడికి దారే లేదా?
– ఒక చిన్న రైతు

జవాబు: దారి ఉంది. ముందు ఒక చిక్కు విప్పాలి. మీ గొడవలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. గట్టు ఎవరి హద్దులో ఉందన్నది సివిల్ తగాదా. చెరువులకు అనుమతి ఉందా లేదా అన్నది మత్స్యశాఖ, రెవెన్యూ వాళ్లు తేల్చాలి. సాగునీరు ఆపడం మాత్రం నేరం. మూడూ ఒకే అర్జీలో గుదిగుచ్చి ఇస్తే ఎస్‌ఐగారి కన్ను మొదటిదాని మీదే పడుతుంది, మిమ్మల్ని కోర్టుకు పంపేస్తారు. అందుకే స్టేషన్‌కిచ్చే కాగితంలో “గట్టు తగాదా”, “హద్దు గొడవ” అన్న మాటలు రాయకండి. ఫలానా తేదీన, ఫలానా సర్వే నంబరు దగ్గర, ఇంత పొడవున బోదె పూడ్చారు, దానివల్ల ఇన్ని సెంట్లకు సాగునీరు ఆగింది అని రాయండి.

భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 326(ఎ) ప్రకారం సాగునీరు తగ్గిపోయేలా నష్టం చేస్తే అయిదేళ్ల వరకూ జైలు. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరం. ఇలాంటి నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరు 12న లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఇందులో పోలీసులకు ఒక సందు ఇచ్చింది. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లకు లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు. మీది ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి “విచారిస్తున్నాం” అంటే అది తప్పేమీ కాదు. ఆ విచారణ నెలల తరబడి సాగితేనే తప్పు. పదిహేనో రోజున వెళ్లి రెండు సంగతులు అడగండి: డీఎస్పీ అనుమతి తీసుకున్నారా, విచారణలో ఏం తేలింది. ఆ అడగడం కూడా కాగితం మీదే.

రశీదు సంగతి. అర్జీ రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రైటర్ వేయనంటే అక్కడ వాదనకు దిగొద్దు. ఆ రోజే అదే అర్జీని స్టేషన్ అధికారి పేరున స్పీడ్ పోస్టులో పంపి, రశీదు, బట్వాడా వివరం దాచుకోండి. మీరు ఏ తేదీన, ఎన్ని గంటలకు స్టేషన్‌కి వెళ్లారో రాసి ఉంచండి. ఎఫ్‌ఐఆర్ కడితే ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి.

కట్టకపోతే తర్వాతి మెట్టు జిల్లా ఎస్పీ. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(4) ప్రకారం విషయమంతా రాసి పోస్టులో పంపాలి. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అర్జీ ఇవ్వండి. అయితే అక్కడిచ్చిన అర్జీ చాలాసార్లు విచారణ కోసం తిరిగి అదే స్టేషన్‌కి వస్తుంది. అందుకని దాన్నొక్కదాన్నే నమ్ముకుని పోస్టు మానేయకండి. పది పదిహేను రోజులు చూసి కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో సెక్షన్ 175(3) కింద దర్యాప్తు ఉత్తర్వు కోరవచ్చు. దానికి ప్రమాణపత్రం తప్పనిసరి. స్టేషన్‌కి ఇచ్చినట్టూ, ఎస్పీకి పంపినట్టూ రుజువులు జతచేయాలి. ఈ దరఖాస్తులు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే: ఎస్పీకి రాయకుండా నేరుగా కోర్టుకు వెళ్లడం, లేదా పంపిన రశీదు పారేసుకోవడం.

ఇక ఉప్పు ఊట. లక్ష రూపాయలు, ఆపైన నష్టం చేస్తే న్యాయ సంహిత సెక్షన్ 324(5) కింద అయిదేళ్ల వరకూ శిక్ష ఉంది. కానీ నష్టం కలిగించాలన్న ఉద్దేశమో, కలుగుతుందన్న ఎరుకో ఉన్నట్టు చూపాలి. “ఊట దిగుతోందని నాకు తెలియదు” అని ఆయన ఒక్క మాట అంటే కేసు నీరుగారిపోతుంది. ఆ మాటకు ఇప్పుడే అడ్డుకట్ట వేయండి. మీ చేను పాడవుతోందనీ, చెరువు చుట్టూ ఊట బోదె తవ్వించి నీటిని మురుగు కాలువలోకి మళ్లించమనీ ఆయనకు స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. దానికి వకీలు అక్కర్లేదు, మీ సంతకం చాలు. ఆ ఉత్తరం అందాక కూడా ఊట ఆపకపోతే ఇక తెలియదనడం కుదరదు.

రుజువుకు మట్టి పరీక్ష చేయించండి. ఒక్కచోట తీసిన మట్టితో ఏమీ తేలదు. “మీ నేలే చౌడు” అంటారు. చెరువు గట్టు నుంచి 5 మీటర్లు, 25 మీటర్లు, 50 మీటర్ల దూరంలో, ఒకే రోజున, 15 సెంటీమీటర్ల లోతు వరకూ మట్టి తీసి, వేర్వేరు సంచుల్లో అరకేజీ చొప్పున వేసి, దూరం, తేదీ రాసి ఇవ్వండి. గట్టు దగ్గర ఉప్పు ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గితే అది ఎటునుంచి వస్తోందో కాగితమే చెబుతుంది. నివేదికలో ‘ఈసీ’ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) అన్న అంకె చూడండి. నీటితో పూర్తిగా తడిపిన మట్టి ముద్ద నుంచి తీసిన ద్రావణంలో అది మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటాక వరి దిగుబడి పడిపోవడం మొదలై, ఆపైన ప్రతి యూనిట్‌కీ సుమారు 12 శాతం తగ్గుతుంది. కొన్ని ప్రయోగశాలలు నీళ్లు ఎక్కువ కలిపి కొలుస్తాయి, అప్పుడు అంకె తక్కువగా కనిపిస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో నివేదికలో రాయించుకోండి. కాలువలు కట్టేసిన వేసవిలోనే మట్టి తీయడం మేలు. కొత్త నీరు, వానలు పడ్డాక ఉప్పు కొంత కడుక్కుపోతుంది. మారుటేరు పరిశోధన స్థానం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల సలహా కూడా తీసుకోండి.

ఫోన్లో తీసిన ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో పంపేసి అసలువి చెరిపేయకండి. కోర్టులో వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి. అసలు ఫోను మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

మత్స్యశాఖ జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా సర్వే నంబర్లలో చెరువుకు లైసెన్సు ఉందా, ఉంటే ప్రతి ఇవ్వండి అని అడగండి. 2020 ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, మండలంలో 5, గ్రామ స్థాయిలో లేదు. జవాబుకు గడువు 30 రోజులు. బోదె ఇరిగేషన్‌దైతే నీటి సంఘానికీ, ఆ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారికీ ఒక్కో ప్రతి ఇవ్వండి.

ప్రశ్న: మాది కోనసీమ. మా కొబ్బరి తోటకు వెళ్లే పుంత మీద డబ్బున్న పొరుగువారు గోడ కట్టి గేటు పెట్టారు. దింపు తీసిన కాయలు నెత్తిన మోయించుకోవాల్సి వస్తోంది. పోలీసులు “మేం గోడ పగలగొట్టలేం” అన్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: గోడ విషయంలో పోలీసులు చెప్పింది నిజమే. పుంత ప్రభుత్వ భూమి అయితే దాన్ని ఖాళీ చేయించాల్సింది తహసీల్దారు. 1905 భూ ఆక్రమణల చట్టం ప్రకారం ముందు సెక్షన్ 7 నోటీసు, తర్వాత సెక్షన్ 6 కింద తొలగింపు. మీరు మొదట సంపాదించాల్సింది ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతలుండే సర్వే పటం) నకలు. అందులో పుంత వెడల్పు లింకుల్లో ఉంటుంది. లింకు అంటే 0.66 అడుగు. 30 లింకులంటే దాదాపు 20 అడుగులు. టేపు పట్టి ఇప్పుడు ఎన్ని అడుగులు మిగిలిందో కొలిచి, రెండు అంకెలూ అర్జీలో పక్కపక్కనే రాయండి. “దారి మూసేశారు” అంటే వీఆర్వోగారు ఒకసారి చూసి వెళ్తారు. “20 అడుగుల్లో 4 మిగిలింది” అంటే సర్వేయర్‌ని పంపక తప్పదు.

పదిమంది నడిచే దారి కనుక ఆర్డీవోగారికి నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద కూడా దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆయన అడ్డు తీసేయమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇచ్చి, అవతలివారి అభ్యంతరం వింటారు. ఆ దారిన వెళ్లే మిగతా తోటలవాళ్ల సంతకాలుంటే బలం. పుంత కాక ఒకరి పట్టా భూమిలోంచి నడిచే దారి అయితే లెక్క వేరు. 20 ఏళ్లు అడ్డంకి లేకుండా, హక్కుగా వాడుకున్నట్టు సివిల్ కోర్టులో రుజువు చేయాలి.

ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 1987 చట్టం సెక్షన్ 12లో ఆ హక్కు ఉంది. ఫోన్ 15100. వకీలు ఖర్చుకు భయపడి ఆగిపోకండి. ఎంత కడుపు మండినా గోడ మీద ఒక్క గునపం దెబ్బ కూడా వేయించకండి. ఆ రోజు నుంచి ముద్దాయి మీరవుతారు.

ప్రశ్న: ఇద్దరినీ స్టేషన్‌కి పిలిపించి రాజీ అన్నారు. నా చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించారు. ఇప్పుడు అవతలివారు నా మీదే ఎదురు కేసు పెడతారట. నాకు అరవై నాలుగేళ్లు.

జవాబు: తెల్లకాగితం మీద సంతకం చేసిన తేదీ, సమయం, అప్పుడు పక్కన ఉన్నవారి వివరాలు రాసి, ఆ సంతకాన్ని ఒప్పుకోవడం లేదని ఎస్పీకి ఈరోజే పోస్టు చేయండి. ఎంత ఆలస్యమైతే అంత నష్టం. దర్యాప్తులో పోలీసుకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర్లేదని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 181 చెబుతోంది. సాక్షిగా పిలవాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. 60 ఏళ్లు దాటినవారినీ, ఆడవారినీ ఇల్లు తప్ప వేరేచోటికి సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదని అదే సంహిత సెక్షన్ 179లో ఉంది.

ఎదురు కేసులో పోలీసుల ముందు హాజరు కమ్మని అదే సంహిత సెక్షన్ 35(3) నోటీసు వస్తే మాత్రం తప్పకుండా హాజరవండి. హాజరైతే సాధారణంగా అరెస్టు అవసరం రాదు. ఎగ్గొడితే వాళ్లకు కారణం దొరుకుతుంది. నిజంగా రాజీ కావాలనుకుంటే లోక్ అదాలత్‌లో చేసుకోండి. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. స్టేషన్‌లో రాసుకున్న కాగితానికి ఆ విలువ లేదు.

ప్రశ్న: మేం ఎస్సీలం. మా పొలానికి నీరు రాకుండా చేస్తున్నారు. మాకు వేరే చట్టం వర్తిస్తుందా?

జవాబు: అడ్డుకుంటున్నవారు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జి) వర్తిస్తుంది. భూమి, నీటి హక్కుల అనుభవానికి అడ్డు రావడం అందులో నేరమే. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని అదే చట్టం సెక్షన్ 18ఎ స్పష్టంగా అంటోంది. కాబట్టి పైన చెప్పిన 14 రోజుల మాట మీకు చెప్పకూడదు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ. మీ అర్జీలో కులం, అవతలివారి కులం రెండూ రాసి, కుల ధ్రువపత్రం నకలు జతచేయండి.

ప్రశ్న: ఎఫ్‌ఐఆర్ కట్టి నాలుగు నెలలైంది. ఏమైందో చెప్పరు.

జవాబు: దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలని నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 193(3) నిర్దేశిస్తోంది. ఫోను సందేశంగానైనా పంపవచ్చు. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ వేసి, ఆ సెక్షన్ ప్రస్తావించి స్టేషన్ అధికారికీ, డీఎస్పీకీ ఉత్తరం రాయండి. కేసు మూసేస్తున్నట్టు నోటీసు వస్తే దాని మీద సంతకం చేసి ఊరుకోకండి. మేజిస్ట్రేట్ కోర్టులో అభ్యంతర పిటిషన్ వేసే హక్కు మీకుంది. నోటీసు అందిన తేదీని కవరు మీదే రాసి, కవరు కూడా దాచండి.