"వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్ దొరకలేదు" అని వస్తే ఏం చేయాలి?

కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి తెరవగానే ఈ ఎర్రర్ వస్తే, తప్పు సాధారణంగా ఆ సాఫ్ట్‌వేర్‌ది కాదు. అది ఆధారపడే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ (చాలా ప్రోగ్రామ్‌లు నడవడానికి వాడుకునే ఫైళ్ల ప్యాకేజీ, ఈ డీఎల్‌ఎల్ కూడా అందులోదే) మీ విండోస్‌లో లేదు, లేదా పాడైంది.

ముందుగా ఒక మాట: ఆ ఒక్క డీఎల్‌ఎల్ ఫైల్‌ని ఏదో సైట్ నుంచి దించి సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేయకండి. అందులో వైరస్ ఉండొచ్చు. లేకున్నా వెర్షన్ కలవక ఇంకో ఎర్రర్ మొదలవుతుంది.

మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచే ప్యాకేజీ దించుకోండి. 2015, 2017, 2019, 2022 నాలుగింటికీ ఒకటే ప్యాకేజీ. మీది 64 బిట్ విండోస్ అయినా ఎక్స్86 (32 బిట్‌ది), ఎక్స్64 (64 బిట్‌ది) రెండూ వేయండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: 32 బిట్ ప్రోగ్రామ్‌కి ఎక్స్86 ఫైళ్లే కావాలి, ఎక్స్64వి దానికి పనికిరావు. రెండూ అయ్యాక రీస్టార్ట్ చేయండి.

ఇన్‌స్టాల్ మధ్యలో 0ఎక్స్80070666 అని ఆగిపోతే, అంతకంటే కొత్త వెర్షన్ ఇప్పటికే ఉందని అర్థం. అప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకి వెళ్లి, విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ పేరు పక్కన మాడిఫై నొక్కి, వచ్చే విండోలో రిపేర్ ఎంచుకోండి. ఎక్స్86కీ ఎక్స్64కీ విడివిడిగా చేయాలి.

అదే జాబితాలో 2010, 2012, 2013 అని పాతవి కనిపిస్తాయి. చోటు కలిసొస్తుందని వాటిని తీసేయొద్దు; వాటి మీద నడిచే ప్రోగ్రామ్‌లు వేరే ఉంటాయి, 2022 వాటికి బదులు కాదు.