చేతితో తయారైన పాత ఇంద్రజాల వస్తువుల విలువను ఎలా అంచనా వేయాలి?

ఇలాంటి వస్తువులను సేకరించడం మొదలుపెట్టేవారు ముందుగా ఏమి పరీక్షించాలన్నది ప్రశ్న. వస్తువు ఎంత పాతదన్నదానికన్నా, అది చేయవలసిన పనిని ఇప్పటికీ చేయగలదా అన్నదే మొదట చూడాలని నా అభిప్రాయం.

లేత్‌పై చెక్కను తొలిచి చేసే బాల్ వాజ్‌నే తీసుకోండి. మూత ఉన్న ఈ చిన్న పాత్రలో బంతి మాయమై మళ్ళీ కనిపించడానికి ఆధారం, బంతి పైభాగంలా కనిపించే ఒక పలుచని డొప్ప. మంచి పనివాడు ఆ డొప్ప అంచును పాత్ర మీది అలంకారపు గీతలలో కలిపేస్తాడు కనుక, చూసేవారు అడుగు దూరంలో ఉన్నా అతుకు కంటికి ఆనదు. అయితే చెక్క ఆరేటప్పుడు అన్ని దిశలలోనూ సమానంగా కుదించుకోదు. ఏళ్ళు గడిచేకొద్దీ గుండ్రని డొప్ప కొద్దిగా కోలగా మారవచ్చు. అందువల్ల దాన్ని పాత్రలో ఉంచి మెల్లగా పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడైనా బిగుస్తుందేమో గమనించాలి. బిగుతు పోవడానికి ఎవరైనా గరుకు కాగితంతో రుద్ది, కొత్త వార్నిష్ పూసి ఉంటే ఆ వస్తువుకు ఎక్కువ ధర పెట్టకండి.

ఒకిటో పేరుతో ప్రసిద్ధుడైన ఐంద్రజాలికుడు థియో బాంబర్గ్ పేరు మీద ఉన్న నాణేల డబ్బాకు పరీక్ష వేరు: మూత డబ్బా నోటికి ఎంత సాఫీగా అమరుతుందో, అడుగుకూ అంతే సాఫీగా అమరాలి.

మన వీధి గారడీవారు వాడే, పైన బొడిపె ఉండే గిన్నెలను కొంటే, అవి ఎవరి చేతి నుంచి వచ్చాయో ఆ రోజే రాసిపెట్టుకోండి.