సెల్ఫ్ విప్పే ముందు మీటరు పెట్టండి
పాత బండ్ల మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పొలం పనులకని అమెరికా సైన్యం వాడి వదిలేసిన ఎం35ఎ2 ట్రక్కు కొన్నాం. ఆరు నెలలు ఆరుబయటే ఉంది. ఇప్పుడు స్టార్టర్ బటన్ నొక్కితే ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంటోంది, ఇంజిన్ తిరగడం లేదు. సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) పోయింది, కొత్తది వేయాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, డాలస్, టెక్సస్

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. పోయిందని పక్కన పడేసే సెల్ఫ్ మోటార్లలో చాలావాటికి అసలు రోగం బయట ఉంటుంది: బ్యాటరీలో, కేబుల్ చివరి లగ్గులో (బిగింపు కొసలో), లేదా ఎర్త్‌లో.

అన్నిటికంటే ముందు ఇంజిన్ చేత్తో తిరుగుతుందో లేదో చూడండి. ఈ బండికి పొగగొట్టం పైకి నిలబడి ఉంటుంది. మూత లేకుండా వానలో ఉంటే నీళ్లు మానిఫోల్డ్ గుండా సిలిండర్‌లోకి దిగిపోవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డాలు వేసి, ఇంజిన్ ఆపే హ్యాండిల్ బయటికి లాగి ఉంచండి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి కడ్డీతో పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒకచోట గట్టిగా ఆగిపోతే బలం పెట్టకండి. ఇంజెక్టర్లు తీసి మెల్లగా తిప్పితే లోపలి నీళ్లు బయటికి చిమ్ముతాయి. నీళ్లున్న ఇంజిన్ మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా సెల్ఫ్ ముందు భాగంలోని పోత ఇనుప ముక్కు విరుగుతుంది. రాడ్ వంగితే అది సెల్ఫ్ ధర కంటే పెద్ద నష్టం.

ఇంజిన్ తిరిగిందంటే ఇక మీటరు పని. ఈ బండిది 24 వోల్టుల వ్యవస్థ, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. ఒక్కోదాన్ని విడిగా కొలవండి. నిండుగా ఛార్జి అయి, కాసేపు ఊరుకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఒకటి 12.6, ఇంకోటి 11.8 ఉంటే మొత్తం కూడినప్పుడు 24.4 కనబడి బాగానే ఉందనిపిస్తుంది. లోడ్ పడగానే బలహీనమైనది కుప్పకూలుతుంది. ఈ అసమానతకు ఎక్కువగా కారణం ఎవరో రేడియోకో ఫోన్ ఛార్జరుకో ఒకే బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాక్కోవడం. అలాంటి తీగ కనిపిస్తే ముందు అది పీకేయండి. 12 వోల్టులు కావాలంటే 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టుకోవాలి. రెండు బ్యాటరీలనూ మధ్య కేబుల్ విప్పి విడివిడిగా నింపండి. మార్చాల్సి వస్తే జతగా ఒకే వయసువి మార్చండి.

తరువాత ఒకరు బటన్ నొక్కుతుండగా మీరు నాలుగు చోట్ల కొలవండి. బ్యాటరీల చివరి రెండు పోస్టుల మధ్య 19 వోల్టుల కంటే కింద పడకూడదు. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే కరెంటు స్విచ్చి) పెద్ద స్టడ్డుకు అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. బ్యాటరీ నెగటివ్ నుంచి సెల్ఫ్ బాడీకీ అంతే. మీటరు మొనలు లగ్గు మీద కాకుండా పోస్టు మీదే పెట్టాలి, లేకపోతే తుప్పు పట్టిన జాయింటు కొలతలోకే రాదు. ఆకుపచ్చ పొడి తేలిన లగ్గులు, పైన పైన మళ్లీ మళ్లీ వేసిన సైనిక పెయింటు, ఈ రెండూ ఎర్త్‌ను మింగేస్తాయి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక పట్టీ కింద లోహం మెరిసేదాకా గీకండి.

నాలుగో కొలత సోలినాయిడ్‌కూ మోటారుకూ మధ్య ఉండే పట్టీ స్టడ్డు దగ్గర. ‘టక్’మన్నప్పుడు బ్యాటరీ వైపు స్టడ్డులో 23 ఉండి మోటారు వైపు ఏమీ రాకపోతే సోలినాయిడ్ లోపల రెండు స్టడ్డులనూ కలిపే రాగి బిళ్ల కాలిపోయింది. మోటారు వైపు 18, 20 వోల్టులు వచ్చినా కదలకపోతే అప్పుడే బ్రష్షులో ఆర్మేచరో (మోటారు లోపల తిరిగే భాగం) అనుకోవాలి. ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే అది వేరే సంగతి. బ్యాటరీ నిలవక, సోలినాయిడ్‌ను పట్టి ఉంచే కాయిల్ వదిలేస్తోందన్నమాట.

కాలిన రాగి బిళ్లను తిరగేసి రెండో ముఖం వాడుకోవచ్చు. కాలిన స్టడ్డు తలను అర చుట్టు తిప్పి కొత్త అంచు బిళ్లకు తగిలేలా బిగించవచ్చు. దీనికి కొత్త సెల్ఫ్ ఎందుకు?

విప్పాల్సే వస్తే బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి, 24 వోల్టుల పోస్టుకూ ఛాసిస్‌కూ మధ్య పడ్డ పానా క్షణంలో ఎర్రబడుతుంది. మోటారు పాతిక కిలోలకు అటూఇటూ ఉంటుంది. కింద జాక్ మీద చెక్క పెట్టి ఆనించి, పై బోల్టును ఆఖరున తీయండి.

ప్రశ్న: 24 వోల్టుల డీజిల్ సెల్ఫ్ రీబిల్డ్ చేస్తున్నాను. కమ్యుటేటర్‌ను (బ్రష్షులు ఆనే రాగి పలకల భాగం) లేత్ మీద టర్నింగ్ చేశాక మైకా (పలకల మధ్య ఇన్సులేషన్) లోతుగా తీయాలా? బుష్షులు ఎలా వేయాలి?
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: డైనమోలో మైకా లోతుగా తీసే అలవాటును సెల్ఫ్ మీదకు తేకండి. పెద్ద స్టార్టర్లలో చాలావాటికి మైకా రాగితో సమానంగానే ఉండాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు గాడి లేకపోతే మీరూ తీయవద్దు. తీస్తే రాగి, కార్బన్ పొడి గాడిలో చేరి పలకల మధ్య షార్టు కడుతుంది. మొదట్లోనే గాడి ఉన్నదైతే అదే లోతు మళ్లీ తీయండి.

టర్నింగ్ అయ్యాక గాజు పేపరుతో నునుపు చేయండి. ఎమెరీ వద్దు, దాని రేణువులు రాగిలో ఇరుక్కుని బ్రష్షులను తినేస్తాయి. ఆర్మేచర్‌ను గ్రౌలర్ (కాయిల్ షార్టు పట్టే విద్యుదయస్కాంత పరికరం) మీద తిప్పి, పైన హాక్సా బ్లేడు పెట్టండి. ఎక్కడ బ్లేడు కొట్టుకుంటే అక్కడ కాయిల్ షార్టు. ఫీల్డ్ కాయిల్స్‌ను బాడీకి ఇన్సులేషన్ మెగ్గర్‌తో పరీక్షించండి.

బ్రష్షు కొత్తదానికంటే సగానికి అరిగితే మొత్తం సెట్టు మార్చండి. స్ప్రింగు నీలం తిరిగి ఉంటే వేడికి పస పోయింది, అదీ మార్చాలి. కొత్త బ్రష్షుకు కమ్యుటేటర్ వంపు రావాలంటే గాజు పేపరు పట్టీని గరుకు వైపు బ్రష్షుకు తగిలేలా చుట్టి ఆర్మేచర్‌ను అటూఇటూ తిప్పండి. ముఖంలో ముప్పాతిక భాగం పైగా తగలాలి.

బుష్షుల దగ్గర తొందర పనికిరాదు. కంచు పొడితో చేసిన బుష్షును వేసే ముందు పలుచటి ఇంజిన్ ఆయిల్‌లో ఒక రోజంతా నానబెట్టండి. సైజుకు నునుపుగా చేసిన మాండ్రెల్ (లోపల దూర్చే కడ్డీ) మీద నొక్కి ఎక్కించండి. తరువాత రీమర్ వేయకండి, నూనె పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. పాత బుష్షు వదులైతే ఆర్మేచర్ పోల్ షూలకు (ఫీల్డ్ కాయిల్స్ లోపలి ఇనుప దిమ్మలకు) రాసుకుంటుంది. పోల్ షూ మీద మెరిసే గీత కనిపిస్తే అదే సాక్ష్యం. ‘బండి వేడెక్కాక సెల్ఫ్ నెమ్మదిస్తోంది’ అని తెచ్చిన మోటార్లలో ముందుగా వెతకాల్సింది ఇదే.

వన్‌వే క్లచ్ ఉన్న బెండెక్స్‌ను (పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉండే భాగం) కిరోసిన్‌లో ముంచకండి, లోపలి గ్రీజు కడిగేసుకుపోతుంది. గుడ్డతో తుడవండి చాలు. ముక్కు ఉన్న డెల్కో-రెమీ పెద్ద రకాల్లో సోలినాయిడ్ పూర్తిగా లాగినప్పుడు పినియన్‌కూ ముందు ఆపుకూ మధ్య దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే పినియన్ ఆపును గుద్దుతుంది, ఎక్కువైతే ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల రింగులోకి పూర్తిగా వెళ్లదు. బల్ల మీద ఖాళీగా తిప్పేటప్పుడు గట్టిగా బిగించి, కొద్ది సెకన్లే. సిరీస్ మోటారు లోడు లేకపోతే వేగం పెంచుకుంటూనే పోతుంది.

ప్రశ్న: కొత్త సెల్ఫ్ వేసినా అప్పుడప్పుడు ‘కర్ర్’మని జారిపోతోంది. బండి కాస్త ముందుకు తోసి మళ్లీ కొడితే పట్టుకుంటోంది. ఎందుకని?
– నిజామాబాద్

జవాబు: మోటారు కాదు, ఫ్లైవీల్ రింగు. ఆరు సిలిండర్ల ఇంజిన్ కంప్రెషన్‌కు ఎదురు తిరగలేక ప్రతిసారీ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోటే ఆగుతుంది. అంటే రింగులో మూడు ముక్కల పళ్లే రోజూ దెబ్బ తింటాయి. తోసినప్పుడు మంచి పళ్లు ఎదురుగా వస్తున్నాయి, అంతే.

సెల్ఫ్ తీసి ఆ రంధ్రం నుంచి టార్చి వేసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ పళ్లన్నీ చూడండి. మొనలు కొద్దిగా అరిగితే గేర్‌బాక్స్ దింపినప్పుడు రింగును తీసి, మంచి పళ్లు ఆ మూడు చోట్లకు వచ్చేలా జరిపి ఎక్కించుకోవచ్చు. రింగును 200 నుంచి 230 డిగ్రీల దాకా సమంగా వేడి చేయాలి. లోహం నీలం తిరిగితే పళ్ల గట్టిదనం పోయినట్టే. పళ్లు విరిగి ఉంటే కొత్త రింగే.

ఈలోగా ఒక్కసారి 30 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో రెండు నిమిషాలు ఆపండి. జారిన శబ్దం వచ్చిందంటే ఫ్లైవీల్ పూర్తిగా ఆగేదాకా బటన్ మళ్లీ ముట్టుకోకండి.