నాన్న కార్పెంటర్ అని చెప్పుకోలేకపోయాను

ప్రశ్న: మాది చెన్నై సాలిగ్రామం. నాకు 44 ఏళ్లు. మా నాన్న పోయి తొమ్మిది నెలలైంది. ఆయన ఒంగోలు దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే మద్రాసు వచ్చి, వడపళని స్టూడియోల్లో సెట్లు కట్టే కార్పెంటర్ అయ్యారు. తెలుగు సినిమా హైదరాబాద్ తరలిపోయినప్పుడు తోటివాళ్లు రమ్మన్నా మా కోసం వెళ్లలేదు. తర్వాత ఇళ్లకు తలుపులు, మంచాలు, పూజామందిరాలు చేశారు. సంవత్సరీకం నాడు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని నాకు అప్పగించారు. ‘కష్టజీవి, మంచి తండ్రి’ దగ్గరే పెన్ను ఆగిపోతోంది. ప్లస్ వన్ చదివేటప్పుడు ఒకసారి మా నాన్న ఆర్ట్ డైరెక్టర్ అని ఫ్రెండ్స్‌తో అబద్ధం చెప్పాను. వెనకే వస్తున్న ఆయన విన్నారు. ఏమీ అనలేదు. పది రోజులకి టేకుతో చదువుకునే బల్ల చేసిచ్చారు. అది క్షమించడమో, దెప్పడమో నాకిప్పటికీ తెలియదు. అమ్మ రోజూ సాయంత్రం ఆయన షెడ్డులో కూర్చుంటుంది. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య పనిముట్లు అమ్మేసి షెడ్డు అద్దెకిద్దామంటున్నాడు. ఈ వానలకి ఆ బల్ల సొరుగు బిగుసుకుపోయింది. ఇంకో కార్పెంటర్‌ని పిలవడానికి మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అబద్ధం సంగతి. అది తప్పు కాదని నేననను. పదహారేళ్ల పిల్ల చేసిన చిన్న తప్పు. తర్వాత ఎప్పుడైనా ఆయన భోజనం చేస్తుంటే పక్కన కూర్చుని ఒక్క మాట అనుంటే తీరిపోయేది. కుదరలేదు. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, పెళ్లిళ్లలో వంట చేసేవాళ్ల పిల్లలు, ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు నా ముందు కూర్చుని ఇదే చెప్పుకుని ఏడ్చారు. మీరొక్కరే కాదు.

బల్ల విషయంలో మాత్రం లేనిపోని అర్థాలు వెతుకుతున్నారేమో అనిపిస్తోంది. ఇంట్లో పరీక్షలకు చదువుకునే పిల్ల ఉంది, ఆయనకు చెక్కపని వచ్చు. అంతే అయ్యుండొచ్చు. దెప్పాలనుకున్న మనిషి పగలంతా పని చేసొచ్చి, రాత్రి మళ్లీ కూర్చుని చిత్రిక పట్టడు. ఇంతకు మించి ఆయన మనసులో ఏముందో మీకూ నాకూ తెలిసే దారి లేదు. ఆ బల్లని వదిలేయండి, అది బల్లే.

ఇక మాట్లాడటం. ‘కష్టజీవి’, ‘దేవుడులాంటి మనిషి’ అనే మాటలు ఎవరి ఫొటో కిందైనా పెట్టొచ్చు, అందుకే మీ పెన్ను కదలట్లేదు. ఆయన ఏం చేసేవారో రాయండి. విజయా-వాహినీ స్టూడియోని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ స్థలంలో ఆస్పత్రి ఉంది, మాల్ ఉంది. అలాంటి చోట్ల ఫ్లోర్ మీద రోజుల తరబడి రాజుగారి సభో, జమీందారు లోగిలో కట్టేవాళ్లు. కెమెరాకి కనిపించే వైపు పాలరాయి, నగిషీ. వెనక్కి వెళ్తే ప్లైవుడ్, దాన్ని నిలబెట్టిన కర్రలు, మేకులు. షూటింగ్ అయిపోయాక మొత్తం విప్పేసేవాళ్లు. విప్పిన చెక్క ఇంకో సెట్‌కి పోయేది. టైటిల్స్‌లో కళ అని ఒక పేరు పడేది, కార్పెంటర్ల పేర్లు చాలావరకు పడేవి కావు. తను చేసింది వారానికే ఊడిపోతుందని తెలిసీ తలుపు సరిగ్గా మూసుకునేలా బిగించిన మనిషి ఆయన. స్టూడియో పని తగ్గాక తలుపులు, మందిరాలు చేయడం మొదలుపెట్టారు కదా, అవి మాత్రం ఎవరి ఇళ్లలోనో ఇప్పటికీ ఉంటాయి. ఒక ఆదివారం వెళ్లి రెండు మూడు చూసి రండి. తలుపు మీద చెయ్యి పెట్టి వస్తే చెప్పడానికి మాటలు అవే దొరుకుతాయి.

మొదటి వాక్యం మాత్రం నేనిస్తాను. ‘మా నాన్న కార్పెంటర్.’ బంధువులందరి ముందు, గట్టిగా. ఆ అబద్ధం గురించి అక్కడ చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెప్పకపోయినా నష్టం లేదు. సంవత్సరీకం ఆయనది, మీ నేరాంగీకారానికి పెట్టిన సభ కాదు.

మా కోసం హైదరాబాద్ వెళ్లలేదని రాశారు. మీరూ మీ అన్నయ్యా దాన్ని బాకీలా మోస్తున్నట్టున్నారు. ఒకసారి మీ అమ్మగారిని అడిగి చూడండి. పిల్లల చదువు ఒక కారణం అయ్యుండొచ్చు. ఇల్లు మారే ఓపిక లేకపోవడం, సాలిగ్రామం వీధులు నచ్చడం, ఎవరో మేస్త్రీతో పడకపోవడం కూడా ఉండొచ్చు. త్యాగం అనే పెద్ద మాట కంటే అసలు కారణం తెలుసుకుంటే ఆయన మీకు ఇంకాస్త దగ్గరవుతారు.

అమ్మగారు షెడ్డులో కూర్చోవడం జబ్బు కాదు. అన్ని దశాబ్దాలు ఆ సుత్తి చప్పుడు వింటూ వంట చేసిన మనిషి. అన్నం మానేస్తున్నారా, నిద్ర లేదా, నేనెందుకింక అంటున్నారా, అవి చూడండి. అలాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. అవేవీ లేకపోతే కూర్చోనివ్వండి. వీలైన రోజు మీరూ పక్కన కూర్చోండి.

మీ అన్నయ్య మీద నాకు కోపం రాలేదు. దూరంగా ఉన్నవాళ్లకి దుఃఖం లెక్కల రూపంలోనే వస్తుంది, అద్దె, అమ్మకం అంటూ. ఆయనకి మీరే ఫోన్ చేసి, సంవత్సరీకం దాకా షెడ్డు ముట్టుకోవద్దని, ఆ తర్వాత అమ్మ ఎలా అంటే అలా అని చెప్పండి. వాట్సాప్ గ్రూపులో వద్దు, అక్కడ మొదలైతే పిన్నులూ మావయ్యలూ కూడా తీర్పులు చెబుతారు.

పనిముట్ల పెట్టె మాత్రం ఈ లోపే తెరవండి. చెన్నై ఉప్పుగాలికి ఉలులు, రంపాలు తొందరగా తుప్పు పడతాయి. అమ్మగారి చేతే తీయించి, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కట్టి బంక అవుతుంది. ఏది దేనికి వాడేవారో ఆవిడ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆఖరికి ఇచ్చేయాల్సి వస్తే పాతసామాన్ల కొట్టుకి కాదు, పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఇవ్వండి. ఆయన ఎక్కువగా పట్టుకున్న ఉలి ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర ఉంచుకోండి.

సొరుగు గురించి కంగారు పడకండి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. ఇప్పుడు ఎవరినైనా పిలిచి చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో వదులైపోయి ఊగుతుంది. సంక్రాంతి దాటి గాలి పొడిబారాక దానంతటదే వస్తుంది. అప్పుడు అడుగు పట్టీలకి కొవ్వొత్తి రుద్దండి, చాలు.